బటన్ వదిలేస్తే బొమ్మ ఏం చేస్తుంది?

క్లుప్తంగా: వీడియో గేముల్లో పాత్ర ఊపిరి తీయడం, మెట్టెక్కుతూ పాదం సర్దుకోవడం, గోడ పక్కన నడుస్తూ చెయ్యి ఆనించడం లాంటివి సోకు కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు. వీటిలో ఎక్కువ భాగం ఆటగాడికి ఏదో ఒక సంగతి చెప్పడానికో, అతని వేలికీ తెర మీది ఒంటికీ మధ్య ఉన్న ఎడం కనపడకుండా చేయడానికో పుట్టినవి. ఒక కదలిక మంచిదా కాదా అన్నది ఎక్కువగా అది ఎవరి సమయం తీసుకుంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఫోన్ ఆటల్లో ఇవి తగ్గడానికి కారణాలు వేరు.

నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం నిలబడ్డవాళ్లలో కదలకుండా ఉండేవాళ్లు ఒక్కరూ కనిపించరు. ఒకాయన బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుస్తాడు. భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకుని మళ్లీ అదే భుజాన వేసుకుంటాడు. ఒకామె కొంగు సవరించుకుని సంచిని ఇంకో చేతిలోకి తీసుకుంటుంది. బస్సు వచ్చే దిక్కుకు మెడ తిప్పి చూడటం మాత్రం అందరిదీ. ఎవరూ ఏ పనీ చేయడం లేదు. అయినా ఎవరు ఇప్పుడే వచ్చారో, ఎవరు గంట నుంచి నిలబడ్డారో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. అక్కడే బెంచీ మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న కుర్రాడి తెరలోనూ ఒక బొమ్మ అలాగే నిలబడి ఉంటుంది, భుజాలు లేస్తూ దిగుతూ, మధ్యమధ్యలో తుపాకీ సర్దుకుంటూ.

ఇలాంటి కదలికలను ఏరి చూపించే వీడియోలు ఈమధ్య రీల్స్‌లో బాగా తిరుగుతున్నాయి. చూసినవాళ్లలో సగం మంది ‘ఎంత ఓపికగా చేశారో’ అంటారు. మిగతా సగం ‘ఈ సోకులకు పెట్టే డబ్బేదో ఆట మీద పెట్టొచ్చు కదా’ అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏది ఎంత నిజమో తేలాలంటే ఈ కదలికలు ఎలా తయారవుతాయో కాస్త లోపలికి వెళ్లి చూడాలి.

ఊరికే నిలబడటం వెనుక

1991లో సెగా విడుదల చేసిన ‘సోనిక్ ద హెడ్జ్‌హాగ్’లో కంట్రోలర్ పక్కన పెడితే సోనిక్ కాసేపు ఆగి, ఆటగాడి వైపు చూస్తూ కాలు నేలకేసి తాటిస్తాడు. 1993 నాటి ‘సోనిక్ సీడీ’లో మూడు నిమిషాలు ముట్టుకోకపోతే ఇక నా వల్ల కాదంటూ తెర మీంచి దూకేస్తాడు, ఆట అక్కడితో అయిపోతుంది. 1996లో వచ్చిన ‘సూపర్ మారియో 64’లో మారియో తీరు వేరు. అటూ ఇటూ చూసి, కూలబడి, కునికి, చివరికి పడుకుని నిద్దట్లో తిండి పేర్లు గొణుగుతాడు. మంచు కొండ మీద వదిలేస్తే వణుకుతాడు. ఒకడికి ఓపిక లేదు, ఇంకొకడికి తొందర లేదు. కథ ఒక్క ముక్క చెప్పకుండానే ఇద్దరి స్వభావం తెలిసిపోయింది.

దీన్ని ఆటల భాషలో ఐడిల్ యానిమేషన్ అంటారు. రూపాయి బిళ్ల వేసి ఆడే పార్లర్ యంత్రానికి దీని అవసరం పెద్దగా లేదు. అక్కడ టైమరే ఆటగాడిని తరుముతుంది, వెనుక ఇంకో పిల్లాడు బిళ్ల పట్టుకుని కాచుకుని ఉంటాడు. ఇంట్లో ఆడే ఆట అలా కాదు. అమ్మ పిలిస్తే లేచి వెళ్లాలి, అన్నం తిని రావాలి. ఆ కాస్త సేపు తెర మీది మనిషి బొమ్మలా బిగుసుకుపోతే అప్పటిదాకా నమ్మినదంతా ఉత్తదే అనిపిస్తుంది.

తయారీ సులువుగానే కనిపిస్తుంది. కొన్ని సెకన్ల కదలికను మొదలూ చివరా కలిసేలా చేసి తిప్పుతూ ఉంటారు. చిక్కు ఎక్కడంటే, చేసిందే మళ్లీ చేస్తే మన కన్ను ఇట్టే పట్టేస్తుంది. తల గోక్కోవడం ఒకసారి చూస్తే మనిషి, పది సెకన్లకోసారి చూస్తే గడియారం. అందుకే ఊపిరి తీయడం లాంటి కంటికి ఆనని కదలికను ఎప్పుడూ నడుస్తూ ఉండేలా ఉంచి, తల గోక్కోవడం, ఒళ్లు విరుచుకోవడం లాంటివి ఎప్పుడొస్తాయో తెలియకుండా అరుదుగా కలుపుతారు.

మీసం, టోపీ, తెల్లబట్టలు

చిన్న వివరాలన్నీ డబ్బు ఎక్కువై పుట్టినవి కావు. 1981లో ‘డాంకీ కాంగ్’ చేసినప్పుడు మారియో బొమ్మకు దొరికిన చోటు నిలువూ అడ్డం పదహారేసి చుక్కలు. అంతలో నోరు గీయడం కుదరదు కాబట్టి ఆ ఆట రూపకర్త షిగెరు మియమోతో మీసం పెట్టారు. దూకినప్పుడు జుట్టు ఎగరడం చూపించలేరు కాబట్టి టోపీ పెట్టారు. చేతులు ఊగడం విడిగా కనిపించాలని చొక్కా ఒక రంగు, పైన తొడిగిన ఓవరాల్ ఇంకో రంగు. ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం యానిమేషన్ చేయలేని ఇబ్బందిలోంచి వచ్చింది.

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ (1989) ఇంకో దారి తొక్కింది. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడికి తెల్లబట్టలు వేసి, పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ దృశ్యాలను ఒక్కొక్కటిగా ఆపి, వాటి మీద గీసుకుంటూ రాకుమారుడి ఒంటిని తయారుచేశాడు. అంచు పట్టుకుని వేలాడి పైకి లాక్కునేటప్పుడు ఆ బొమ్మలో ఒంటి బరువు కనిపిస్తుంది. అప్పటి ఆటల్లో అది చాలా అరుదు.

పాలమూరులోనో మిర్యాలగూడలోనో వీడియో గేమ్ పార్లర్లకు వెళ్లిన తరానికి ఇదే సంగతి ‘ముస్తఫా గేమ్’ రూపంలో తెలుసు. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆడటానికి నలుగురు పాత్రలున్నా ఆట మొత్తానికి పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా పేరే స్థిరపడిపోయింది. పేరు నోటికి సులువుగా రావడం ఒక కారణం కావచ్చు. నలుగురిలో అతని వేగం, పరుగెత్తి ఎగిరి తన్నే తీరు కూడా కారణమే అనుకోవాలి. పిల్లలు అతన్ని కదలికను బట్టి ఎంచుకున్నారు.

వేలికీ ఒంటికీ తగువు

సినిమా బొమ్మకూ ఆట బొమ్మకూ అసలు తేడా ఇక్కడే ఉంది. కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో యానిమేషన్‌కు 12 సూత్రాలు రాసిపెట్టారు. అందులో ఒకటి, ఏ పెద్ద కదలికకైనా ముందు దానికి ఎదురుదిశలో చిన్న కదలిక ఉండాలన్నది. దూకాలంటే ముందు మోకాళ్లు వంగాలి. రాయి విసరాలంటే చెయ్యి ముందు వెనక్కి వెళ్లాలి. ఇది లేకపోతే బరువు కనిపించదు. సినిమాలో నడిచే బొమ్మ విషయంలో దీనికి అడ్డే లేదు.

ఆటలో మాత్రం దూకమని చెప్పేది దర్శకుడు కాదు, ఎక్కడో కూర్చున్న మనిషి బొటనవేలు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 నిశ్చల చిత్రాలు, చూపించే ఆటలో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది. మోకాళ్లు వంగడానికి పది ఫ్రేములు ఇచ్చారనుకుంటే, బటన్ నొక్కాక సెకనులో ఆరో వంతు గడిచాక గానీ పాదం నేల విడవదు. చూడటానికి బాగుంటుంది, ఆడటానికి బటన్ పాడైనట్టు ఉంటుంది. గోతి అంచున నిలబడ్డవాడికి ఆ ఆరో వంతు చాలా ఎక్కువ.

దీనికి యానిమేటర్లు కనిపెట్టిన ఉపాయం, ముందు కోసేసింది తర్వాత కలపడం. బటన్ నొక్కీ నొక్కగానే బొమ్మ ఎగిరిపోతుంది. బరువంతా నేల మీద వాలేటప్పుడు చూపిస్తారు. మోకాళ్లు వంగుతాయి, దుమ్ము లేస్తుంది, మెడలో గుడ్డ ఆలస్యంగా కిందికి దిగుతుంది. ఈలోగా ఆటగాడు మళ్లీ బటన్ నొక్కితే వంగిన మోకాళ్లను మధ్యలోనే వదిలేసి బొమ్మ వెంటనే కదులుతుంది. అంటే ఆ వివరం తీరిక ఉన్నప్పుడే కనిపిస్తుంది, తొందరలో ఉన్నవాడికి అడ్డురాదు. ఆటల యానిమేషన్‌లో ఇంతకన్నా తెలివైన సర్దుబాటు ఇంకోటి లేదనే చెప్పాలి.

శత్రువు విషయంలో లెక్క తిరగబడుతుంది. కబడ్డీలో కూతకు వచ్చినవాడు ఎటు తిరగబోతున్నాడో అతని భుజాన్ని బట్టి పట్టేవాళ్లు పసిగడతారు. మంచి ఆటగాడు ఆ భుజాన్ని కదలనివ్వడు. వీడియో గేములో శత్రువుకు ఆ తెలివి ఇస్తే ఆడేవాడు గెలవలేడు. అందుకే శత్రువు కత్తి ఎత్తడం నెమ్మదిగా, స్పష్టంగా ఉంటుంది. ‘డార్క్ సోల్స్’ (2011) లాంటి ఆటల్లో ఆ ఎత్తడాన్ని చదవడమే సగం ఆట. అదే జట్టు చేసిన ‘ఎల్డెన్ రింగ్’ (2022)లో కొందరు శత్రువులు ఎత్తిన కత్తిని గాల్లోనే ఇంకాసేపు ఆపుతారు. పాత అలవాటు కొద్దీ ముందే తప్పుకున్నవాడు దెబ్బ తింటాడు.

ఈ సర్దుబాటును కావాలని వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’లో పరుగు ఆపాలంటే రాకుమారుడికి రెండడుగులు పడుతుంది, ఆ సంగతి మరిచిన ఆటగాడు ముళ్ల మీద పడతాడు. ‘షాడో ఆఫ్ ద కొలోసస్’ (2005)లో చెప్పిన ప్రతి మాటనూ గుర్రం వెంటనే వినదు. ఈ రెండు చోట్లా ఒంటి బరువు ఆటలో భాగం. దాన్ని నేర్చుకుంటేనే ఆట వస్తుంది.

‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ (2018) దగ్గర అభిప్రాయాలు చీలిపోయాయి. అందులో వేటాడిన జంతువు తోలు ఒలవడం, బీరువా సొరుగు లాగి ఒక్కో వస్తువూ తీయడం, శవాన్ని వెతకడం అన్నీ పూర్తిగా చేసి చూపిస్తారు. మొదటిసారి నోరెళ్లబెట్టి చూస్తారు. యాభయ్యోసారికి అదే పని రేషన్ షాపు లైనులా ఉంటుంది. ఆ నెమ్మదితనం కథకు తగ్గట్టు పెట్టిందేనని సమర్థించేవాళ్ల మాటలో పస ఉంది. అయినా సొరుగు తెరవడం వల్ల పదోసారి తర్వాత కొత్తగా తెలిసేదేమీ లేదు, ఆటగాడికి మధ్యలో వదిలేసే వీలూ లేదు. మారియో కునికిపాట్లకూ దీనికీ ఉన్న తేడా అదే. మారియో నిద్రను ఒక్క బటన్‌తో చెదరగొట్టవచ్చు.

గద్వాల చీర అతుకు

గద్వాల చీరలో నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు పోగులను నేతలోనే ఒకదాంట్లో ఒకటి చిక్కించి కలుపుతారు. చీర నాణ్యం తెలిసినవాళ్లు ముందు ఆ అతుకే చూస్తారు. ఆటల యానిమేషన్‌లోనూ నడకను విడిగా, పరుగును విడిగా చేయడం పెద్ద కష్టం కాదు. నడక పరుగుగా మారే చోట అతుకు కనపడకుండా ఉండటమే కష్టం.

పాత పద్ధతిలో దీనికి పెద్ద పటం గీసుకునేవారు. నిలబడటం నుంచి నడకకు ఒక దారి, నడక నుంచి పరుగుకు ఒక దారి, పరుగు నుంచి వెనక్కి తిరగడానికి ఇంకోటి. పాత్ర చేయగల పనులు పెరిగేకొద్దీ దారులు చిక్కుపడిన దారపు ఉండలా తయారయ్యేవి. ‘ఫర్ ఆనర్’ (2017) తీసేటప్పుడు యూబీసాఫ్ట్ వేరే పద్ధతి వాడింది. నటుల కదలికలను పొడుగ్గా రికార్డు చేసి గుట్టగా పెట్టుకుంటారు. ఆటగాడు ఎటు పోదామనుకుంటున్నాడో, ఇప్పుడు పాదాలు ఎక్కడున్నాయో చూసి, ఆ గుట్టలో దీనికి బాగా దగ్గరగా ఉన్న ముక్కను కంప్యూటరే క్షణక్షణం వెతికి తెస్తుంది. దీని పేరు మోషన్ మ్యాచింగ్. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు పోగును కొక్కేల చుట్టూ తిప్పడంలో, అమ్మ చేతులు పడే నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కడా ఇక్కడా యంత్రం తీసుకున్నది వేల సార్లు చేయాల్సిన ఒకే పనిని. చీర మీద ఏ డిజైన్ రావాలన్నది ఇంకా మనిషి చేతిలోనే ఉంది.

అతుకు బాగా లేకపోతే ముందు పాదాలు చెబుతాయి. బొమ్మ ముందుకు పోతుంటే పాదం నేల మీద సబ్బునీళ్లలోలా జారుతుంది. మెట్ల మీద ఒక కాలు గాల్లో, ఇంకోటి రాతిలో దిగబడి కనిపిస్తుంది. దీన్ని సరిచేసే లెక్కను ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటారు. మామూలుగా తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకు వరసగా కదలిక చెబుతారు. ఇక్కడ పాదం ఎక్కడ ఆనాలో ముందు తేల్చుకుని, దానికి తగ్గట్టు మోకాలు ఎంత వంగాలో వెనక్కి లెక్క కడతారు. నల్లగొండ గుట్టల మీద రాళ్లెక్కే మనిషి కాలు చేసే పని ఇదే, కాకపోతే అతను లెక్క వేసుకోడు.

ఒక్కోసారి ఒంటితోపాటు గొంతును కూడా అతకాలి. 2018లో వచ్చిన ‘స్పైడర్ మ్యాన్’ ఆటలో చాలా మాటలను నటుడితో రెండుసార్లు చెప్పించారు, ఒకటి తీరిగ్గా, ఒకటి ఆయాసపడుతూ. తాడు పట్టుకుని ఊగుతూ ఉంటే రెండోది వినిపిస్తుంది.

చూపు చెప్పే మాట

తెర మూల ఎర్రగీతలూ అంకెలూ పెట్టి చెప్పేదాన్ని ఒంటితో చెప్పించడం ఇంకో ప్రయోజనం. ‘గ్రిమ్ ఫాండాంగో’ (1998)లో దగ్గర్లో పనికొచ్చే వస్తువు ఉంటే కథానాయకుడు మానీ తల అటు తిరుగుతుంది. ‘విండ్ వేకర్’ (2002)లో లింక్ కళ్లు అదే పని చేస్తాయి. ఎక్కడ వెతకాలో తెలియనివాడు అతని చూపు వెంట పోతే చాలు. ‘రెసిడెంట్ ఈవిల్ 2’ (1998)లో దెబ్బ తిన్నవాళ్లు పక్క పట్టుకుని కుంటుతారు. ‘సెలెస్ట్’ (2018)లో మాడెలిన్ గాల్లో దూసుకుపోయే శక్తి వాడేయగానే ఆమె ఎర్ర జుట్టు నీలంగా మారుతుంది. ఆటగాడి చూపు ఎలాగూ ఆమె మీదే ఉంటుంది కాబట్టి తెర మూలకు చూడాల్సిన పని లేదు.

నెట్ సెంటర్లలో గంటకింత చొప్పున ఆడిన వాళ్లకు ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ (2004) గుర్తుండే ఉంటుంది. అందులో కథానాయకుడు సీజేకు ఎడాపెడా తినిపిస్తే లావెక్కుతాడు, పరుగు మందగిస్తుంది. జిమ్‌కు తీసుకెళ్తే కండలు తిరుగుతాయి. ఆడినవాడి అలవాట్లు బొమ్మ ఒంటి మీద కనిపించేవి.

ఏ ఉపయోగమూ లేని వివరాలూ ఉన్నాయి. ‘అన్‌చార్టెడ్’ (2007)లో డ్రేక్ నీళ్లలో ఎంతవరకు దిగితే బట్టలు అంతవరకే తడుస్తాయి. దాని వల్ల ఆట మారదు. కానీ ఆటగాడు చేసిన పనిని ఆట గమనించిందన్న నమ్మకం కలుగుతుంది, పైగా అతని సమయం ఒక్క క్షణం కూడా పోలేదు.

ముఖం దగ్గర దొరికిపోవడం

‘మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా’ 2017 మార్చిలో వచ్చినప్పుడు దాని పాత్రల చూపులూ నవ్వులూ నవ్వులపాలయ్యాయి. మరుసటి నెలలోనే కళ్లను సరిదిద్దుతూ అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. గంటల కొద్దీ మాటలున్న ఆటలో ప్రతి వాక్యానికీ ముఖాన్ని చేత్తో తీర్చడం సాధ్యం కాదు. చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని బట్టి పెదవులు కదుపుతుంది, మనుషులు ముఖ్యమైన సన్నివేశాలనే సరిచేస్తారు. నడకలో చిన్న తేడా ఉంటే క్షమిస్తాం గానీ ముఖంలో క్షమించం. పుట్టినప్పటి నుంచీ చదువుతున్నది అదే కదా. జంతువులతో ఈ టెన్షన్ తక్కువ. ‘స్ట్రే’ (2022)లో పిల్లికి మొదటిసారి వీపు మీద సంచి తగిలించగానే పక్కకు ఒరిగి పడిపోతుంది. పిల్లిని పెంచినవాళ్లెవరైనా దాన్ని చూసి నవ్వకుండా ఉండలేరు.

ఫోన్‌లో ఎందుకు తగ్గుతాయి

దక్షిణ తెలంగాణ ఊళ్లలో ఇవాళ ఆట అంటే ఎక్కువమందికి ఫోనే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు, 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. ఒకే మైదానంలో వంద మంది దిగే ఇలాంటి ఆటలో ప్రతి ఒక్కరి వేలి కణుపులూ లెక్క కట్టడం మొదలుపెడితే ఫోన్ పెనంలా కాలుతుంది. అందుకే దూరంగా ఉన్న బొమ్మకు లోపల దాన్ని కదిలించే ఎముకలు తగ్గిస్తారు, కదలికను ప్రతి ఫ్రేముకూ కాక కొన్నింటికోసారి మారుస్తారు. అరచేతి తెర మీద ఆ తేడా పెద్దగా తెలియదు. పైగా ఇలాంటి ఆటలో ఎదుటివాడి ఒళ్లు స్పష్టంగా కనపడటం గెలుపోటముల వ్యవహారం. తువ్వాల ఎగురుతూ ఉంటే గురి చూసేవాడికి అడ్డం.

మిగుల్చుకున్న శ్రమ ఎటు పోతుందో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆట మొదలయ్యే ముందు లాబీలో నిలబడే బొమ్మ మాత్రం చాలా వివరంగా ఉంటుంది. డ్యాన్సులూ సైగలూ ఇమోట్ల పేరుతో అమ్ముడుపోతాయి. సోనిక్ కాలు తాటించడం ఆటతోపాటే వచ్చేది. ఇప్పుడు అలాంటిదానికి విడిగా ధర ఉంది.

తాటిచెట్టు మీద

కదలికలు రికార్డు చేసి అమ్మే గుట్టల్లో తుపాకీ పట్టి నడవడం, పెట్టె మీంచి దూకడం లాంటివి వందలున్నాయి. గొంతుకూర్చుని బీడీ వెలిగించడం, కొంగు నడుముకు దోపుకోవడం, బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ అడుగేయడం వెతికితే దొరకడం కష్టం. బట్టలు ఇంకో ఇబ్బంది. చీర కుచ్చిళ్లు, పంచె, గొంగడి నడకతోపాటు ఊగుతాయి, ఒంట్లోకి దూసుకుపోతాయి, వాటి లెక్క ఖరీదైనది. ఆట కథానాయకులు ఎక్కువగా బిగుతు ప్యాంట్లలో, బూట్లలో తిరగడానికి ఇదీ ఒక కారణం. 1981లో మారియోకు టోపీ పెట్టించిన ఇబ్బందే ఇంకా నడుస్తోంది. పుణేలో తయారైన ‘రాజీ’ (2020) లాంటి ఆటలు మన కథలను తెర మీదికి తెచ్చాయి. ఊళ్లో మనిషి కూర్చునే తీరు, లేచే తీరు మాత్రం ఇంకా పెద్దగా రాలేదు.

నల్లగొండ జిల్లాలో కల్లు గీసే గౌడన్న తాటిచెట్టెక్కడాన్ని ఉదాహరణకు తీసుకుందాం. ఆటల్లో గోడలెక్కే బొమ్మలు చేతుల మీద బరువు వేసి పైకి లాక్కుంటాయి. ఇతను అలా ఎక్కడు. కాళ్లకు గుజి అనే బంధం, నడుముకు పనిముట్లు పెట్టుకునే ముస్తాదు, చెట్టునూ తననూ చుట్టిన మోకు అనే తాడు. వెనక్కి వాలి బరువంతా మోకు మీద వేస్తాడు, పాదాలు పైకి జరుపుతాడు, చెట్టుకు దగ్గరగా ఒరిగి మోకును ఒక్క విసురుతో పైకి ఎగరేస్తాడు. ఆ ఎగరేసే అర క్షణంలో బరువు పాదాల మీద తప్ప ఎక్కడా లేదు. దీన్ని ఆటగా మార్చేవాళ్లకు మొదటి చిక్కు బటన్ దగ్గరే వస్తుంది. ఒక నొక్కుకు వాలడం, పాదాలు, మోకు మూడూ జరగాలా, మూడింటికీ మూడు నొక్కులా? మొదటిది తేలిక, రెండోది ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ దారి. ఆటగాడు సగం చెట్టు మీద బటన్ వదిలేసి అన్నానికి లేస్తే ఏం చేయాలన్నది రెండో చిక్కు. దానికి జవాబు చెట్టు మీదే ఉంది. గౌడన్న వెనక్కి వాలతాడు, మోకు బిగుస్తుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి. తలకు చుట్టిన తువ్వాల విప్పి చెమట తుడుచుకుని, కింద కల్లు లొట్టి పట్టుకుని నిలబడ్డవాడి వైపు ఒకసారి చూస్తాడు.